తూము ఎత్తే చెయ్యి ఒక్కటే: కంప్యూటర్లు తమలో లీడర్‌ను ఎన్నుకునే తీరు

క్లుప్తంగా

ఒకే పనిని అనేక కంప్యూటర్లు కలిసి చేసే చోట వాటిలో ఒకటి పెద్దరికం తీసుకుని మిగతావాటికి వరుస చెబుతుంది. అది పడిపోతే ఇంకొకటి ఆ స్థానంలోకి రావాలి. మనిషి చెయ్యి పడకుండా ఈ మార్పు జరిగే పద్ధతిని లీడర్ ఎలక్షన్ అంటారు. 1977 నుంచి దీనికి ఎన్నో అల్గోరిథంలు, అంటే అంచెలంచెల పని విధానాలు, వచ్చాయి. కొత్త లీడర్‌ను ఎంచుకోవడం ఇందులో తేలికైన భాగం. పాత లీడర్ నిజంగా పోయిందా, నెట్‌వర్క్ తెగి కనిపించడం లేదా అన్నది తేల్చుకోవడం కష్టం. అది తిరిగొచ్చి పాత అధికారంతో రాతలు రాయకుండా ఆపడం ఇంకా కష్టం. పెద్ద సేవలు గంటల తరబడి ఆగిన కొన్ని ఘటనల మూలం ఇక్కడే ఉంది.

"సర్వర్ డౌన్" అంటే

ఆదాయం సర్టిఫికెట్‌కో, భూమి నకలుకో వెళ్లినవాళ్లకు "సర్వర్ డౌన్ ఉంది, కాసేపాగి రండి" అన్న మాట కొత్త కాదు. ఆ మాట వింటే ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్ ఆగిపోయిందని అనిపిస్తుంది. నేటి పెద్ద సేవల్లో అలాంటి ఒక్క కంప్యూటర్ ఉండదు. పదులు, వందలు, ఒక్కోసారి వేల కంప్యూటర్లు ఒకే పనిని పంచుకుంటాయి. ఒకటి చెడితే మరొకటి అందుకోవాలన్నదే అసలు ఏర్పాటు. అన్ని ఉండి కూడా సేవ ఎందుకు ఆగుతుంది? 2025 అక్టోబరు 20న అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో, కంప్యూటర్లను అద్దెకిచ్చే అమెజాన్ వెబ్ సర్వీసెస్ తడబడి, దేశదేశాల్లో యాప్‌లు ఆగినప్పుడు చాలామందికి ఇదే సందేహం వచ్చింది.

దక్షిణ తెలంగాణలో ఈ సందేహం చదువులోనూ, ఉద్యోగంలోనూ ఎదురవుతోంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో మూడు జోన్లతో, అంటే విడివిడి డేటా సెంటర్ల గుంపులతో, ఇలా అద్దెకిచ్చే కంప్యూటర్ల కేంద్రాన్ని (క్లౌడ్ రీజియన్) తెరిచింది. 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ, నల్లగొండలోనూ ఐటీ టవర్లు మొదలయ్యాయి. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ పేపర్‌కు బుల్లీ, రింగ్ అల్గోరిథంలు చదువుతారు. ఉద్యోగంలో చేరాక రాఫ్ట్, లీజ్, ఫెన్సింగ్ అనే మాటలు వినిపిస్తాయి. రెండింటి పేరూ లీడర్ ఎలక్షనే. కానీ మొదటివి "ఎవరు పెద్ద?" అని అడుగుతాయి. రెండోవి "పాత పెద్ద నోరు ఎలా మూయించాలి?" అని అడుగుతాయి. గందరగోళం ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

ఒక్కరే ఎందుకు

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చెరువు కింద సాగు చేసినవాళ్లకు నీరటి పని తెలుసు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అన్న వరుస చూడటం నీరటి బాధ్యత. ఆయకట్టు రైతులందరికీ నీళ్ల మీద హక్కు ఉంది, తూము మీద మాత్రం ఒక్కరి చెయ్యే పడాలి. ఒకరు ఎత్తింది ఇంకొకరు దించితే చెరువు నిండుగా ఉన్నా చివరి మడికి తడి అందదు.

కంప్యూటర్లలోనూ లీడర్ అవసరం వరుస కోసమే. ధాన్యం కొనుగోలు కేంద్రాలకు వచ్చే ట్రాక్టర్లకు టోకెన్ నంబర్లు ఇచ్చే ఒక వ్యవస్థను ఊహించుకుందాం. దానికి ఐదు కంప్యూటర్లు. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తిలో ఒక్కొక్కటి. వీటిని నోడ్‌లు అంటారు. ఐదూ ఎవరి పాటికి అవి నంబర్లు ఇస్తే 418వ టోకెన్ ఇద్దరు రైతులకు పడుతుంది. కాంటా దగ్గర గొడవ ఖాయం. అందుకే ఒక నోడ్ నంబరు ఇస్తుంది, మిగతా నాలుగూ ఆ లెక్కను తమ దగ్గర కూడా రాసుకుంటాయి.

లీడర్ లేకుండా నడిచే పద్ధతులూ ఉన్నాయి. అమెజాన్ 2007లో వివరించిన డైనమో అనే డేటా నిల్వ వ్యవస్థ అలాంటిదే. రెండు చోట్ల రెండు వేర్వేరు రాతలు పడితే తర్వాత కలుపుకోవచ్చన్నది దాని నమ్మకం. ఆన్‌లైన్ షాపింగ్ బుట్టకు అది సరిపోతుంది, రెండు బుట్టలనూ కలిపేస్తే చాలు. టోకెన్ నంబరునూ, బ్యాంకు ఖాతా నిల్వనూ అలా కలపలేం.

పాఠ్యపుస్తకాల్లోని రెండు పద్ధతులు

ఈ సమస్యను మొదట స్పష్టంగా ముందుకు తెచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన జెరార్ లె లాన్, 1977లో. అప్పట్లో కొన్ని నెట్‌వర్క్‌లలో కంప్యూటర్లు వలయంగా ఉండి, ఒక టోకెన్‌ను చేతులు మార్చుకునేవి. టోకెన్ ఎవరి దగ్గరుంటే వాళ్లకే మాట్లాడే హక్కు. ఆ టోకెన్ పోతే కొత్తది పుట్టించేది ఎవరు? అందరూ పుట్టిస్తే మళ్లీ గొడవే. ఒక్కరిని ఎంచుకోవాల్సిన అవసరం అలా వచ్చింది.

1979లో ఎర్నెస్ట్ చాంగ్, రోజ్‌మేరీ రాబర్ట్స్ దీన్ని మెరుగుపరిచారు. ప్రతి నోడ్ తన నంబరును పక్క నోడ్‌కు పంపుతుంది. వచ్చిన నంబరు తనకంటే పెద్దదైతే ముందుకు పంపుతుంది, చిన్నదైతే అక్కడే ఆపేస్తుంది. తన నంబరే వలయమంతా తిరిగి తన దగ్గరకు వస్తే, తనకంటే పెద్ద ఎవరూ లేరని తెలుస్తుంది. అదే లీడర్. వెయ్యి నోడ్‌లున్న వలయంలో నంబర్లు అధ్వాన్నమైన వరుసలో ఉంటే ఎంపికకే 5,00,500 సందేశాలు కావాలి. నంబర్లు కలగాపులగంగా ఉంటే సగటున దాదాపు 7,500 చాలు. ఈ అల్గోరిథం చర్చంతా సందేశాల లెక్క చుట్టూ తిరగడానికి కారణం ఈ తేడాయే.

రెండోది 1982లో హెక్టర్ గార్సియా-మోలినా రాసిన బుల్లీ అల్గోరిథం. లీడర్ పలకడం లేదని గమనించిన నోడ్, తనకంటే పెద్ద నంబరున్న వాటన్నిటినీ పిలుస్తుంది. ఒక్కటి పలికినా తాను తప్పుకుంటుంది. ఏదీ పలకకపోతే తానే లీడర్‌నని చాటుతుంది. ఐదు నోడ్‌లలో ఐదోది పడిపోయి, రెండోది అది గమనించిందనుకుందాం. రెండోది 3, 4, 5 నంబర్లను పిలుస్తుంది. 3, 4 పలుకుతాయి. అవి కూడా తమ పైవాటిని పిలుస్తాయి. ఐదు పలకదు గనక నాలుగు లీడర్ అవుతుంది. తర్వాత ఐదోది లేచిందంటే, నాలుగు బాగానే పనిచేస్తున్నా, దాన్ని దించేసి తాను కూర్చుంటుంది. బలవంతుడిదే పెత్తనం అన్న అర్థంలో ఆ పేరు వచ్చింది. ఐదోది పది నిమిషాలకోసారి పడి లేచే నోడ్ అయితే, పది నిమిషాలకోసారి రెండు మార్పులు తప్పవు. వ్యవస్థకు ఇది చాలా ఖరీదైన గుణం. నేటి డేటాబేస్‌లలో చాలావరకు, పనిచేస్తున్న లీడర్‌ను నంబరు చూసి దించవు.

నంబరు చూసి పెద్దరికం ఇచ్చే ఆలోచన పాతబడిపోలేదు. కాలేజీ ల్యాబులో నాలుగైదు నెట్‌వర్క్ స్విచ్‌లను కలిపితే, అవి తమలో ఒక రూట్ స్విచ్‌ను ఎన్నుకుంటాయి. రాడియా పెర్ల్‌మన్ 1985లో తెచ్చిన స్పానింగ్ ట్రీ పద్ధతి అది. అక్కడ చిన్న నంబరుది గెలుపు. ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే అన్నిటి ప్రాధాన్యమూ 32768గానే ఉంటుంది, అప్పుడు హార్డ్‌వేర్ చిరునామా చిన్నదైన స్విచ్ గెలుస్తుంది. చిన్న చిరునామా సాధారణంగా పాత స్విచ్‌కు ఉంటుంది. ల్యాబులో అన్నిటికంటే పాతదీ, నిదానమైనదీ నెట్‌వర్క్ మొత్తానికి కేంద్రమై కూర్చోవడానికి తరచూ కారణం ఇదే.

సమాన ఓట్లు, లాటరీ

నోడ్‌లకు నంబర్లే లేకపోతే? 1980లో డానా ఆంగ్లూయిన్ ఒక గట్టి ఫలితం నిరూపించారు. వలయంలో అన్ని నోడ్‌లూ అచ్చు ఒకేలా ఉండి, ఒకే ప్రోగ్రామును ఒకే అడుగుతో నడిపిస్తే, వాటిలో ఒకటి లీడర్ కావడం అసాధ్యం. ఒకటి "నేనే లీడర్" అన్న క్షణానే మిగతావన్నీ అదే మాట అంటాయి. తేడా పుట్టించేది ఏదో బయటినుంచి రావాలి. మరుసటి ఏడాది అలోన్ ఇటాయ్, మైకేల్ రోడే ఆ తేడాను యాదృచ్ఛిక సంఖ్యలతో తెచ్చారు. ప్రతి నోడ్ ఒక పాచిక వేస్తుంది, సమానమైతే మళ్లీ వేస్తుంది.

సర్పంచ్ ఎన్నికలో ఇద్దరికీ సమానంగా ఓట్లు పడితే లాటరీ తీయడం ఇక్కడి ఊళ్లకు తెలిసిందే. అక్కడా పని అంతే. ఎవరు ఎక్కువ అర్హులన్నది లాటరీ తేల్చదు, ముడి మాత్రం విప్పుతుంది. ఈ చిన్న ఉపాయం ముప్పై ఏళ్ల తర్వాత రాఫ్ట్ అనే పద్ధతిలో కీలకమైంది.

పోయిందా, నిదానించిందా

బుల్లీ అల్గోరిథం నిలబడింది ఒక నమ్మకం మీద. సందేశాలు నమ్మకంగా చేరతాయి, ఫలానా సమయంలోగా జవాబు రాకపోతే అవతలి నోడ్ చచ్చిపోయినట్టే. పరీక్షలో ఈ వాక్యం ఒక ఊహగా రాసి ముందుకు వెళ్లిపోతారు. వాస్తవంలో చిక్కంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

ఊహించుకున్న వ్యవస్థలో మహబూబ్‌నగర్ నోడ్ లీడర్ అనుకుందాం. నల్లగొండ నోడ్‌కు దాని నుంచి జవాబు రావడం లేదు. కారణాలు ఎన్నో ఉండొచ్చు. మహబూబ్‌నగర్‌లో కరెంటు పోయి ఉండొచ్చు. రోడ్డు పనుల్లో కల్వకుర్తి, దేవరకొండ మధ్య జేసీబీ కేబుల్‌ను తెంపి ఉండొచ్చు. కేబుల్ బాగానే ఉండి, ఆ కంప్యూటర్ మెమరీ శుభ్రం చేసుకుంటూ కొన్ని సెకన్లు బిగుసుకుపోయి ఉండొచ్చు. డిస్క్ నిదానించి ఉండొచ్చు. నల్లగొండ వైపు నుంచి చూస్తే వీటన్నిటిదీ ఒకే రూపం, నిశ్శబ్దం. ఫోన్ ఎత్తని మనిషి ఇంట్లో లేడా, నిద్రపోయాడా, సిగ్నల్ లేదా అన్నది అవతలివాళ్లకు తెలియనట్టే.

1985లో మైకేల్ ఫిషర్, నాన్సీ లించ్, మైకేల్ పాటర్సన్ దీన్ని గణితంగా నిరూపించారు. సందేశాల ఆలస్యానికి హద్దు లేని చోట, ఒక్క నోడ్ ఆగిపోయే అవకాశం ఉన్నా, నోడ్‌లన్నీ తప్పకుండా ఒక నిర్ణయానికి వస్తాయని హామీ ఇచ్చే అల్గోరిథం పాచిక వేయకుండా సాధ్యం కాదు. దీని అర్థం ఎన్నిక జరగదని కాదు. ఎప్పటికైనా జరిగి తీరుతుందన్న హామీ ఇవ్వలేమని. ఆ తర్వాత వచ్చిన మంచి అల్గోరిథంలన్నీ బేరాన్ని ఇలా కుదుర్చుకున్నాయి: నెట్‌వర్క్ ఎంత చెడినా తప్పు నిర్ణయం రాకూడదు, నిర్ణయం రావడం మాత్రం నెట్‌వర్క్ కాస్త కుదుటపడ్డాకే.

సగానికి మించి ఒకటి

బార్బరా లిస్కోవ్, బ్రయాన్ ఓకీ 1988లో ప్రచురించిన పద్ధతీ, లెస్లీ లాంపోర్ట్ 1998లో ప్రచురించిన పాక్సోస్, స్టాన్‌ఫర్డ్‌లో డియేగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ 2014లో తెచ్చిన రాఫ్ట్, మూడింటి పునాది మెజారిటీయే. ఐదు నోడ్‌లలో ఏ మూడింటిని తీసుకున్నా, ఇంకే మూడింటిని తీసుకున్నా, రెండు గుంపుల్లోనూ కనీసం ఒక నోడ్ ఉమ్మడిగా ఉంటుంది. ఆ ఒక్క నోడ్ రెండు చోట్ల ఓటేయదు గనక ఇద్దరు గెలవలేరు. నాలుగు నోడ్‌లు పెట్టుకోవడం వృథా. మెజారిటీకి మూడు కావాలి, ఒక్కటి పోయేదాకే తట్టుకుంటుంది. మూడు నోడ్‌ల వ్యవస్థ తట్టుకునేదీ ఒక్కటే. అందుకే ఇలాంటి క్లస్టర్లు, అంటే నోడ్‌ల గుంపులు, 3, 5, 7 అని బేసి సంఖ్యలో కనిపిస్తాయి.

రాఫ్ట్‌ను అర్థం కావడం కోసమే తయారుచేశామని దాన్ని రాసినవాళ్లు చెప్పుకున్నారు. దానికి తగ్గట్టే అది తేలిగ్గా ఉంటుంది. కాలాన్ని టర్మ్‌లుగా, అంటే పదవీకాలాలుగా విడగొడుతుంది. ప్రతి టర్మ్‌కు ఒక నంబరు, అది పెరగడమే తప్ప తగ్గదు. లీడర్ తాను బతికే ఉన్నానని చిన్న చిన్న సందేశాలు పంపుతూ ఉంటుంది. వాటిని హార్ట్‌బీట్ అంటారు. కొంతసేపు అవి రాకపోతే ఒక నోడ్ టర్మ్ నంబరును ఒకటి పెంచి, తనకు తాను ఓటేసుకుని, మిగతావాటిని ఓటు అడుగుతుంది. మెజారిటీ వస్తే లీడర్. అందరూ ఒకేసారి అడిగితే ఓట్లు చీలతాయి. ఇక్కడే పాత లాటరీ ఉపాయం పనికొచ్చింది. ఎంతసేపు ఆగాలన్నది ప్రతి నోడ్ పాచిక వేసి ఎంచుకుంటుంది. వాళ్ల పరిశోధన పత్రంలో ఆ వ్యవధి 150 నుంచి 300 మిల్లీసెకన్లు. ఎవరిది ముందు ముగిస్తే వాళ్లే ముందు అడుగుతారు, సాధారణంగా వాళ్లే గెలుస్తారు.

ఓటేసే నోడ్ రెండు పనులు తప్పక చేయాలి. మొదటిది, ఫలానా టర్మ్‌లో ఫలానావారికి ఓటేశానని డిస్క్‌లో రాసి ఆ తర్వాతే జవాబివ్వాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక, ఓటేసిన సంగతి మరచి, అదే టర్మ్‌లో ఇంకొకరికి ఓటేస్తుంది. పోలింగ్ కేంద్రంలో వేలికి పెట్టే సిరా చేసే పని ఇదే. రెండోది, ఓటు అడుగుతున్న నోడ్ దగ్గరున్న లెక్క తన లెక్కకంటే వెనకబడి ఉంటే ఓటు నిరాకరించాలి. 417 టోకెన్ల వరకు ఖాయమైతే, 410 దగ్గరే ఆగిన నోడ్ లీడర్ కాకూడదు. బుల్లీలో గెలిచేది నంబరు, ఇక్కడ తాజా లెక్క లేనివాళ్లు గెలవలేరు. పాత అల్గోరిథంలకూ రాఫ్ట్‌కూ మధ్య ఉన్న అతి పెద్ద తేడా ఇదే. పాఠాల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కడం లేదు.

ఇప్పుడు జేసీబీ కేబుల్ తెంపిన రోజుకు తిరిగి వెళ్దాం. మహబూబ్‌నగర్, వనపర్తి ఒకవైపు. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట మరోవైపు. లీడర్ మహబూబ్‌నగర్, టర్మ్ నంబరు 7. ఒక రైతు అక్కడ టోకెన్ అడిగాడు. లీడర్ 418 అని తన దగ్గర రాసుకుంది, వనపర్తి కూడా రాసుకుంది. మూడో సంతకం దొరకదు గనక ఆ నంబరు ఖాయం కాదు, రైతు చేతికి చీటీ రాదు. ఈలోగా నల్లగొండ వైపు మూడు నోడ్‌లు హార్ట్‌బీట్ రాక, టర్మ్ 8లో నల్లగొండను ఎన్నుకున్నాయి. 418వ టోకెన్ అక్కడ ఒక రైతుకు ఖాయంగా ఇచ్చాయి. కేబుల్ అతికాక మహబూబ్‌నగర్‌కు 8 అన్న నంబరు కనిపిస్తుంది. వెంటనే అది దిగిపోతుంది, ఖాయం కాని తన 418ని కొట్టేసి నల్లగొండ లెక్కను రాసుకుంటుంది. కొద్దిసేపు ఇద్దరు లీడర్లున్నా రెండు 418లు పుట్టలేదు.

దీనికి మూల్యం కూడా ఉంది. కేబుల్ తెగినంతసేపు పాలమూరు వైపు రైతులకు టోకెన్లు రావు. కౌంటర్‌లో వాళ్లకు వినిపించేది "సర్వర్ డౌన్" అన్న మాటే. మెషీన్లు రెండూ నడుస్తున్నా, తప్పు నంబరు ఇవ్వకూడదని కావాలనే ఆగిన స్థితి అది. ఇంకో సూక్ష్మం, ఆ సమయంలో "చివరి టోకెన్ ఎంత?" అని మహబూబ్‌నగర్‌ను అడిగితే అది 417 అనే చెప్పొచ్చు. అవతల 430 దాటి ఉండొచ్చు. అందుకే రాఫ్ట్‌లో చదివి చెప్పే ముందు కూడా, తానింకా లీడర్‌నేనా అని మెజారిటీని అడిగి నిర్ధారించుకోవాలి. రాతలకు మాత్రమే జాగ్రత్తపడి, చదవడంలో ఏమరుపాటుగా ఉన్న అమలులు బగ్‌లకు దారితీశాయి.

వనపర్తి ఒక్కటే విడిపోయి ఉంటే మరో చిక్కు. దానికి ఎవరి హార్ట్‌బీటూ రాదు. టర్మ్ పెంచుతూ ఓట్లు అడుగుతూనే ఉంటుంది. గంట తర్వాత కలిసేసరికి దాని టర్మ్ వేలల్లో ఉంటుంది. ఆ పెద్ద నంబరు చూసి బాగా నడుస్తున్న లీడర్ దిగిపోతుంది. దీన్ని ఆపడానికి ప్రీ-వోట్ అనే ముందస్తు అడుగు పెట్టారు. టర్మ్ పెంచకముందే, "అడిగితే ఓటేస్తారా?" అని విచారించాలి. మెజారిటీ సరే అంటేనే అసలు ఎన్నిక.

దిగిపోయిన సర్పంచ్ సంతకం

2024 ఫిబ్రవరిలో తెలంగాణ గ్రామ పంచాయతీల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారులు ఊళ్లను చూశారు. ఒక సర్పంచ్ పదవీకాలంలోనే చెక్కు మీద సంతకం చేస్తే, పదవీకాలం ముగిశాక ఎవరైనా దాన్ని ట్రెజరీకి తీసుకెళ్లారనుకుందాం. సంతకం నిజమైనదే, చేసిన రోజు అధికారమూ ఉంది. అయినా చెల్లించే చోట చూడాల్సింది, ఈ రోజు అధికారం ఎవరిదన్నదే.

కంప్యూటర్లలో ఇదే ఘట్టం రోజూ ఎదురవుతుంది. చాలా వ్యవస్థల్లో లీడర్‌షిప్‌ను లీజుగా ఇస్తారు, ఫలానా సెకన్లు మాత్రమే అన్న గడువుతో. గడువులోగా పొడిగించుకోవాలి. లీజు తన దగ్గరే ఉందని చూసుకుని, డిస్క్‌లో రాయబోతున్న క్షణాన లీడర్ నోడ్ బిగుసుకుపోయింది. ఇరవై సెకన్లు గడిచాయి. ఈలోగా లీజు ముగిసి, కొత్త లీడర్ వచ్చి, కొత్త రాతలు రాసింది. పాత నోడ్ మేలుకుంది. తను నిద్రపోయిన సంగతి దానికి తెలియదు. ఇంతకుముందే సరిచూసుకున్నాను కదా అని, రాయబోయిన రాతను కొత్త రాత మీద రాసేస్తుంది. ఎన్నికలో ఏ లోపమూ లేదు, అయినా లెక్క చెడింది.

దీనికి విరుగుడు ఫెన్సింగ్ టోకెన్. ప్రతి కొత్త లీడర్‌కు లీజుతో పాటు పెరుగుతూ పోయే ఒక నంబరు ఇస్తారు. ప్రతి రాతతోనూ ఆ నంబరు పంపాలి. రాత అందుకునే డిస్క్ లేదా డేటాబేస్, అంతవరకు చూసిన పెద్ద నంబరును గుర్తుపెట్టుకుని, దానికంటే చిన్నది వస్తే తిప్పికొట్టాలి. గూగుల్ 2006లో వివరించిన చబ్బీ లాక్ సేవలో సీక్వెన్సర్ పేరుతో ఉన్నది ఇదే ఆలోచన. మొత్తం అంశంలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ ఇదే, ఎందుకంటే దీన్ని అమలు చేయాల్సింది లీడర్ కాదు, రాతను అందుకునే వైపు. అనేక కంప్యూటర్ల మీద ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటీస్‌లో వాడే లీడర్ ఎలక్షన్ లైబ్రరీ అయితే, ఒకే ఒక్కరు లీడర్‌గా వ్యవహరిస్తారని తాను హామీ ఇవ్వనని తన వివరణలోనే రాసుకుంది. ఆ వాక్యం చదవకుండా వాడేవాళ్లు ఎక్కువ.

2025 అక్టోబరులో అమెజాన్‌లో జరిగింది లీడర్ ఎన్నిక వైఫల్యం కాదు గానీ, ఈ జబ్బుకు దగ్గరి చుట్టమే. డైనమోడీబీ అనే డేటాబేస్ సేవ చిరునామాల పట్టికను తాజాగా ఉంచే ప్రోగ్రాములు మూడు జోన్లలో మూడు, ఎవరి పాటికి అవి నడుస్తాయి. ఒకటి అసాధారణంగా ఆలస్యమైంది. ఆలోగా ఇంకొకటి కొత్త ప్రణాళికను అమలు చేసి, పాతవాటిని తుడిచే పని మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే మొదటిది తన దగ్గరున్న పాత ప్రణాళికను కొత్తదాని మీద రాసింది. తన ప్రణాళికే తాజాదని అది ముందే సరిచూసుకుంది, కానీ ఆ తనిఖీకి అప్పటికే కాలం చెల్లింది. తుడిచే పని ఆ పాత ప్రణాళికను తీసేసేసరికి పట్టికలో చిరునామాలే మిగల్లేదు. రాసే క్షణాన నంబరు చూసి తిప్పికొట్టే కాపలా అక్కడ ఉండి ఉంటే కథ వేరుగా నడిచేది.

ఎన్నిక సరిగ్గా జరిగినా

ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్, 2018 అక్టోబరు 21న తన దగ్గర జరిగిన ఘటనను తానే వివరంగా వెల్లడించింది. పాడవుతున్న ఆప్టికల్ పరికరాన్ని మార్చే పనిలో, అమెరికా తూర్పు తీరంలోని ప్రధాన డేటా సెంటర్‌కు 43 సెకన్ల పాటు నెట్‌వర్క్ తెగింది. డేటాబేస్‌ల ప్రైమరీని, అంటే రాతలు తీసుకునే ప్రధాన కాపీని, నిర్ణయించే ఆర్కెస్ట్రేటర్ ప్రోగ్రాములు తమలో తాము రాఫ్ట్ వాడుకుంటాయి. మిగిలినవి మెజారిటీ కూడగట్టి, పశ్చిమ తీరపు డేటాబేస్‌లను ప్రైమరీగా చేశాయి. రాఫ్ట్ లెక్కలో ఇది నిక్కచ్చిగా సరైన నిర్ణయం. కానీ తెగిన వేళ తూర్పు తీరంలో పడిన కొద్ది రాతలు పశ్చిమానికి చేరలేదు. ఆ తర్వాత పశ్చిమంలో పడిన కొత్త రాతలు తూర్పులో లేవు. రెండు లెక్కలనూ కలిపి సేవను పూర్తిగా కుదుటపరచడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

ఎన్నుకునేవాళ్ల లెక్క వేరు, డేటా లెక్క వేరు కావడమే ఇక్కడి మూలం. వెనకబడిన లెక్క ఉన్నవాళ్లకు ఓటు వేయకూడదన్న రాఫ్ట్ నియమం ఆర్కెస్ట్రేటర్ల సొంత లెక్కకే వర్తించింది, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోని అసలు డేటాకు కాదు. "మేం రాఫ్ట్ వాడుతున్నాం" అన్న మాట వినగానే, దేనికి వాడుతున్నారని అడగాలి.

వెబ్‌సైట్లకు రక్షణ, వేగం అందించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీలో 2020 నవంబరు 2న మరో రకం చిక్కు వచ్చింది. ఒక స్విచ్ పూర్తిగా చావకుండా, ఆరు నిమిషాలు సగం పనిచేసింది. దాంతో రాఫ్ట్‌తో నడిచే ఎట్‌సీడీ అనే డేటా నిల్వ ప్రోగ్రాము మూడు నోడ్‌ల క్లస్టర్‌లో ఒక నోడ్‌కు లీడర్ కనిపించడం మానేసింది, మూడో నోడ్‌కు ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. లీడర్ కనిపించని నోడ్ ఎన్నిక కోరుతూ పోయింది, క్లస్టర్ నిలకడ తప్పింది. దాని మీద ఆధారపడ్డ డేటాబేస్‌ల దాకా ప్రభావం పాకి, కంపెనీ ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే ద్వారం), డాష్‌బోర్డ్ సేవలు 6 గంటల 33 నిమిషాలు దెబ్బతిన్నాయి. అల్గోరిథంలు సాధారణంగా ఊహించేది రెండే: నోడ్ ఉంది, లేదా పోయింది. ఒకరికి కనిపిస్తూ మరొకరికి కనిపించని స్థితి వాటికి కొరకరాని కొయ్య.

ఎంతసేపు ఆగాలి

చివరికి ప్రతి ఇంజినీరూ ఒక అంకె వేయాల్సి వస్తుంది. హార్ట్‌బీట్ రాకపోతే ఎంతసేపటికి లీడర్ పోయిందని తీర్మానించాలి? తక్కువ పెడితే కాస్త నిదానానికే ఎన్నికలు జరిగి వ్యవస్థ అల్లాడుతుంది. ఎక్కువ పెడితే నిజంగా పోయినప్పుడు అంతసేపూ సేవ ఉండదు.

ఈ అంకెకు దూరం ఒక హద్దు గీస్తుంది. ఫైబర్‌లో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నల్లగొండ నుంచి గానీ, మహబూబ్‌నగర్ నుంచి గానీ హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లే. పోయి రావడానికి ఒక మిల్లీసెకను, పరికరాల ఆలస్యం కలిపినా కొన్ని మిల్లీసెకన్లు. కాబట్టి జిల్లాల మధ్య నోడ్‌లు పరిచినా రాఫ్ట్ పత్రంలోని 150–300 మిల్లీసెకన్లు హాయిగా సరిపోతాయి. అదే ఒక నోడ్‌ను వర్జీనియాలో పెడితే దూరం 12 వేల కిలోమీటర్లకు పైనే. వెలుతురు పోయి రావడానికే 120 మిల్లీసెకన్లు దాటుతుంది, కేబుళ్లు తిన్నగా వెళ్లవు గనక వాస్తవంలో ఇంకా ఎక్కువ. అక్కడ 150 మిల్లీసెకన్లు పెడితే ఎన్నికలు ఆగవు.

వాడుకలో ఉన్న డీఫాల్ట్ అంకెలు ఈ భయాన్నే చూపిస్తాయి. ఎట్‌సీడీలో హార్ట్‌బీట్ 100 మిల్లీసెకన్లకోసారి, ఎన్నికకు 1000 మిల్లీసెకన్ల ఆగుదల. మాంగోడీబీ డేటాబేస్‌లో ఆ ఆగుదల 10 సెకన్లు. కుబర్నెటీస్ భాగాల లీజు 15 సెకన్లు, కానీ లీడర్ 10 సెకన్లలోగా లీజును పొడిగించుకోలేకపోతే తానే తప్పుకోవాలి. మధ్యలోని ఆ 5 సెకన్లు ఊరికే పెట్టినవి కావు. రెండు కంప్యూటర్ల గడియారాలు ఒకే వేగంతో నడవవు. పాతవాడు తప్పుకున్న తర్వాతే కొత్తవాడు ఎక్కేందుకు విడిచిన ఖాళీ అది.

టోకెన్ కేంద్రంలో ఈ 15 సెకన్లంటే, ఒక ట్రాక్టర్ కాంటా ముందు ఇంకాస్త ఆగడం. రైతు దానికి పెద్దగా చికాకు పడకపోవచ్చు. ఒకే నంబరు చీటీలతో ఇద్దరు రైతులు వస్తే మాత్రం, సాయంత్రం దాకా కొనుగోలు ఆగుతుంది. షేర్ మార్కెట్ లావాదేవీల్లో 15 సెకన్లు భరించలేని ఆలస్యం, అక్కడ అంకె వేరే ఉంటుంది. అంకె ఏదైనా, రాత అందుకునే వైపు ఫెన్సింగ్ నంబరు సరిచూసే ఏర్పాటు ఉంటే, ఆ అంకె తప్పినా పోయేది కొన్ని సెకన్లే. ఆ ఏర్పాటు లేకపోతే పోయేది లెక్కే.